తీర్-కమాన్ నేర్పిన హద్దు

మన ఖాందాన్‌లలో షికార్ ముచ్చట లేని ఇల్లు అరుదు. పండగకో షాదీకో పెద్దలు నలుగురు దీవాన్‌ఖానాలో కూర్చుంటే చాలు, మాట మెల్లగా దాదాల జమానాకు మళ్లుతుంది. ఏ అడవికి వెళ్లారు, ఎవరి జీపులో వెళ్లారు, ఎవరి బందూకు, ఎన్ని హిరన్‌లు! ఆ లెక్క ఏటా కొంచెం పెరుగుతూనే ఉంటుంది. వినే పిల్లల కళ్లు మెరుస్తాయి.

ఈ ముచ్చట్లన్నీ బందూకువే. బందూకు మన చేతికి రాకముందు వందల ఏళ్లు షికార్ అంటే తీర్-కమానే. ఆ కథ మాత్రం మన ఇళ్లలో ఎవరూ చెప్పరు. చెబితే మన షేఖీ కొంత తగ్గుతుందని నా అనుమానం. తీర్-కమాన్ కాలం నుంచి మనదాకా వచ్చిన వాకియాలు తిరగేస్తే, ఎన్ని చంపారన్న లెక్క కంటే ఎక్కడ చెయ్యి ఆపాలన్న సవాలే ఎక్కువగా కనిపిస్తుంది.

ముందు ఆ కమాన్ సంగతి చూద్దాం. తుర్కులు, మొఘలులు వాడిన కమాన్ ఒక్క వెదురు బద్దను వంచి తాడు కట్టింది కాదు. మధ్యలో కట్టె, విలుకాడి వైపు కొమ్ము బద్దలు, బయటి వైపు జంతువుల నరాలు. వీటన్నిటినీ సరేసు జిగురుతో అతికించి నెలల తరబడి ఆరబెట్టేవాళ్లు. తేమ తగిలితే ఆ జిగురు వదులవుతుంది. వానాకాలం దానికి దుష్మన్. హిందుస్తాన్‌లో పూర్తిగా ఉక్కుతో చేసిన కమాన్‌లు కూడా తయారు కావడానికి ఇదొక కారణం. తాడును బొటనవేలితో లాగేవాళ్లు. వేలు తెగకుండా జిహ్‌గీర్ అనే ఉంగరం తొడుక్కునేవాళ్లు. సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లినప్పుడు యష్మ్ రాతి వస్తువుల గదిలో ఆగి చూడండి. షాజహాన్ బిరుదు 'సాహిబె కిరానె సానీ' చెక్కిన జిహ్‌గీర్ అక్కడ ఉంది. తాజ్‌మహల్ కట్టించిన పాదుషా బొటనవేలు ఎంతుండేదో దాన్ని చూస్తే అందాజా దొరుకుతుంది.

యుద్ధంలో ఆ బాణం చాలా దూరం వెళ్లేది. హిరన్ షికార్‌లో అంత దూరం పనికిరాదు. బాణం గురి తప్పకుండా సరైన చోట దిగాలంటే షికారీ ఇరవై ముప్పై గజాల దగ్గరికి చేరాలి. హిరన్ చెవులు, ముక్కు సంగతి తెలిసినవాళ్లకు అదెంత కష్టమో తెలుసు. నలుగురు దోస్తులు కలిసి వెళ్లినా గాలికి ఎదురుగా నడవాలి, నోరు మూసుకోవాలి. ఒకడు తొందరపడితే నలుగురి దినం వృథా. సబర్ లేనివాడికి తీర్-కమాన్‌తో పని లేదు.

ఇంకో సంగతి. బాణం తగిలిన హిరన్ అక్కడికక్కడే కూలిపోదు, పరిగెడుతుంది. నెత్తుటి చుక్కలు చూసుకుంటూ, విరిగిన కొమ్మలు చూసుకుంటూ దాని వెంట వెళ్లాలి. ఒక్కోసారి రాత్రి దాటిపోతుంది. గాయపడిన జానవర్‌ను అడవిలో వదిలేసి ఇంటికి రావడమా, వెతికి దాని బాధ తీర్చడమా? షికారీ ఎలాంటివాడో అక్కడ తేలేది.

అరబ్ దేశంలో ఈ సవాళ్లు అడిగినాయన హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి). దానగుణంలో పేరు మోసిన హాతిమ్ తాయీ కొడుకు. ఆయన కబీలా షికార్ మీద బతికింది. అందుకే ఆయన సవాళ్లు కితాబుల్లోంచి పుట్టినవి కావు, అడవిలోంచి వచ్చినవి. ప్రవక్త (స) ఇచ్చిన జవాబుల సారాంశం ఇది. అల్లాహ్ పేరు చెప్పి వదిలిన బాణం మొన దిగి జంతువు చస్తే తినొచ్చు. బాణం అడ్డంగా తగిలి ఆ దెబ్బకు చస్తే తినకూడదు. బాణం తగిలిన జంతువు నీళ్లలో పడి కనిపిస్తే ముట్టొద్దు. చంపింది బాణమో నీళ్లో నీకు తెలియదు కాబట్టి. ఒకటి రెండు రోజుల తర్వాత దొరికినా, ఒంటి మీద నీ బాణం గాయం తప్ప మరొకటి లేకపోతే తినొచ్చు.

ఇందులో ఫిక్హ్ ఉంది, నిజమే. కానీ షికారీ కళ్లతో చదవండి. మొన పదునుగా ఉండాలి, గురి కుదరాలి, పడిన జంతువును వెతకాలి, అనుమానం వస్తే నోటి దగ్గరి ముద్ద వదులుకోవాలి. ఆకలి మీద ఉన్న మనిషికి ఇవన్నీ హద్దులే.

ఇంకో వాకియా. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఒకరోజు దారిన వెళ్తుంటే కొందరు ఖురైష్ కుర్రాళ్లు ఒక పక్షిని కట్టేసి బాణాలు వేస్తున్నారు. తప్పిపోయిన ప్రతి బాణం పక్షి యజమానికి ఇస్తామని ఒప్పందం. ఆయన్ను చూడగానే చెల్లాచెదురయ్యారు. ప్రాణమున్న దాన్ని నిషానా చేసేవాళ్ల మీద ప్రవక్త (స) లానత్ పలికారని ఆయన గుర్తు చేశారు. తిండి కోసం షికార్ ఒకటి, తమాషా కోసం ప్రాణం తీయడం ఒకటి. ఆ రెంటి మధ్య గీత అప్పుడే గీశారు.

దోస్తుల గుంపుతో వెళ్లిన షికార్ గురించి కూడా ఒక వాకియా ఉంది. అది హిరన్ కాదు, బాణమూ కాదు, అయినా చెప్పాలి. హుదైబియా ప్రయాణం, హిజ్రీ 6, అంటే క్రీ.శ. 628. తోటివాళ్లంతా ఇహ్రామ్‌లో ఉన్నారు, హజ్రత్ అబూ ఖతాదా (రజి) లేరు. ఆయనకు గోర్‌ఖర్ కనిపించింది. అడవి గాడిద అన్నమాట, దాని గోష్త్ హలాల్. గుర్రమెక్కిన తొందరలో ఈటె కింద ఉండిపోయింది. కొంచెం అందివ్వమని తోటివాళ్లను అడిగారు. ఎవరూ అందివ్వలేదు. దిగి తానే తీసుకుని, వెంటపడి కొట్టారు. తర్వాత ఆ గోష్త్ తినొచ్చా అన్న సందేహం వచ్చింది. ప్రవక్త (స) అడిగిన సవాల్ ఒక్కటే: మీలో ఎవరైనా కొట్టమని చెప్పారా, వేలితో చూపించారా? లేదన్నారు. అయితే తినండి అన్నారు.

వేలితో చూపించినా షికార్‌లో షరీక్ అయినట్టే. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

ఇక ఇరాన్‌కు వద్దాం. ఫిర్దౌసీ 1010లో పూర్తి చేసిన షాహ్‌నామాలో బహ్రామ్ గోర్ కథ ఉంది. బహ్రామ్ ఒంటె మీద షికార్‌కు వెళ్తాడు. వెనకాల చంగ్ వాయించే కనీజ్ ఆజాదా. హిరన్‌ల జోడీ కనిపిస్తుంది. మగదాన్ని ఆడదిగా, ఆడదాన్ని మగదిగా చేయగలవా అని ఆజాదా సవాల్ విసురుతుంది. బహ్రామ్ ఒక బాణంతో మగ హిరన్ కొమ్ములు ఎగరగొడతాడు. ఆడదాని తలలో రెండు బాణాలు కొమ్ముల్లా దించుతాడు. ఇంకో హిరన్ చెవిని, కాలిని, తలను కలిపి ఒకే బాణంతో కుడతాడు. వాహ్ వా అనాల్సిన చోట ఆజాదా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇది మగతనం కాదు, షైతాన్ పని అంటుంది. కోపంతో బహ్రామ్ ఆమెను కింద పడేసి ఒంటెతో తొక్కిస్తాడు.

శతాబ్దాల పాటు ముసవ్విర్లు ఈ ఘట్టాన్ని బొమ్మలుగా వేస్తూనే ఉన్నారు. కవులకు మాత్రం ఆ ముగింపు మింగుడు పడలేదు. నిజామీ గంజవీ తన మస్నవీలో ఆ అమ్మాయిని బతికించాడు. మన అమీర్ ఖుస్రో కూడా బతికించాడు. ఖుస్రో కథలో ఆమె పేరు దిలారామ్. అడవిలో వదిలేసిన ఆ పిల్ల సంగీతం నేర్చుకుని, సాజ్ వాయిస్తే హిరన్‌లు తమంతట తామే దగ్గరికి వచ్చేవంటాడు. బాణంతో పాదుషా చేసింది ఒకటైతే, పాటతో ఆమె చేసింది ఇంకొకటి.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు సబుక్తగీన్ కథ పరిచయమే. గజ్నీ సుల్తాన్ మహమూద్ తండ్రి. అప్పటికి పేదవాడు, ఉన్నది ఒక్క గుర్రం. అడవిలో హిరన్ పిల్లను పట్టుకుని వస్తుంటే తల్లి వెంటపడింది, వెనక్కి పోలేదు. మనసు కరిగి పిల్లను వదిలేశాడు. ఆ రాత్రి కలలో ప్రవక్త (స) కనిపించి, ఈ రహమ్‌కు బదులుగా నీకు సల్తనత్ దొరుకుతుందన్నారట. పదకొండో శతాబ్దపు బైహకీ తారీఖ్‌లోనే ఈ కథ ఉంది. గమనించండి. ఒక రాజవంశం తన పుట్టుక గురించి చెప్పుకోదలిస్తే, చంపిన హిరన్ గురించి కాకుండా వదిలేసిన హిరన్ గురించి చెప్పుకుంది.

మొఘలుల దగ్గరికి వచ్చేసరికి తీర్-కమాన్ పక్కన తుపాకీ చేరింది. మంగోలుల నుంచి వచ్చిన కమర్గా షికార్ వాళ్లకు ఇష్టం. వేలమంది అడవిని చుట్టుముట్టి, రోజుల తరబడి వలయాన్ని బిగిస్తూ జంతువులన్నిటినీ ఒక్క చోటికి తోలేవాళ్లు. తర్వాత పాదుషా లోపలికి దిగేవాడు. అక్బర్ 1567లో లాహోర్ దగ్గర ఇలాంటి పెద్ద కమర్గా చేశాడు. 1578లో పంజాబ్‌లోని భేరా దగ్గర మరొకటి ఏర్పాటైంది. వలయం బిగిసింది, జంతువులు కిక్కిరిశాయి. ఉన్నట్టుండి అక్బర్‌కు ఏదో హాల్ కలిగింది. షికార్ ఆపేయండి, అన్నిటినీ వదిలేయండి అని హుకుం ఇచ్చాడు. అబుల్ ఫజల్ రాశాడు, అక్బర్ అంటే గిట్టని బదాయూనీ కూడా రాశాడు.

కొడుకు జహంగీర్ లెక్కల మనిషి. పన్నెండో ఏట నుంచి యాభై దగ్గరపడే దాకా తన షికార్‌లలో చచ్చిన జంతువులు 28,532 అని, అందులో తన చేత్తో చంపినవి 17,167 అని తన తుజుక్‌లో రాయించాడు. ఒకసారి గురిపెట్టిన నీల్‌గాయ్ మనుషుల అలికిడికి బెదిరిపోయిందని ఒక సేవకుణ్ని చంపించాడు, ఇద్దరు పల్లకీ బోయీల కాళ్ల నరాలు కోయించాడు. ఇదీ తనే రాసుకున్నాడు. ఆ జహంగీరే మన్సరాజ్ అనే పెంపుడు హిరన్ చచ్చిపోతే లాహోర్ దగ్గర దానికి గోరీ కట్టించి మినార్ నిలబెట్టాడు. అదే నేటి షేఖూపురా హిరన్ మినార్. ఆ మైదానంలో ఎవరూ హిరన్‌ను వేటాడకూడదనీ, దాని గోష్త్ హిందువుకు ఆవు మాంసంతో, ముసల్మాన్‌కు పంది మాంసంతో సమానమనీ ఫర్మాన్ ఇచ్చాడు. ఒకే మనిషిలో బహ్రామూ ఉన్నాడు, ఆజాదా కూడా ఉంది. గెలుపు ఎక్కువసార్లు బహ్రామ్‌దే.

మన దక్కన్‌లోనూ అంతే. బందూకు దూరాన్ని చంపేసింది. ఇరవై గజాలు పాకాల్సిన పని లేదు, గాలి చూసుకోవాల్సిన పని లేదు. ఆ తర్వాత జీపులొచ్చాయి, రాత్రిపూట లైట్లొచ్చాయి. వెలుగు కళ్లలో పడితే హిరన్ కదలకుండా నిలబడిపోతుంది. దాన్ని కాల్చడానికి సబర్ అక్కర్లేదు, హునర్ అక్కర్లేదు. మా నానా ఇంటి గోడకు మెలితిరిగిన కాలా హిరన్ కొమ్ముల జత ఉండేది. ఎవరు కొట్టారని అడిగితే నలుగురు నాలుగు పేర్లు చెప్పేవాళ్లు.

అదే సమయంలో నల్లమలలో చెంచులు విల్లంబులతోనే తిరుగుతున్నారు. హైమన్‌డార్ఫ్ వాళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. దుంపలు, తేనె, పండ్లు, దొరికిన రోజు వేట. అదీ వాళ్ల బతుకు. అదే అడవిలో మన్ననూరు దాటాక ఒక చోటు పేరు ఫర్హాబాద్. ఫర్హ్ అంటే సంతోషం. ఒకరికి సంతోషం కోసం అడవి, ఇంకొకరికి పూట గడవడం కోసం అడవి. జంతువులు తగ్గిపోయాక చట్టం వచ్చినప్పుడు, సంతోషం కోసం చంపినవాళ్లు దీవాన్‌ఖానాల్లోకి వెళ్లిపోయారు. విల్లు పట్టుకున్న చెంచు మాత్రం గార్డు ముందు జవాబు చెప్పుకుంటూ నిలబడ్డాడు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర షికార్ కథ ముగిసింది. ముగియాలి. కృష్ణజింకను చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఆ కృష్ణజింకే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. అయినా దావత్‌లో 'ఖాస్ చీజ్ హై' అని చెవిలో చెప్పి ప్లేటు జరిపేవాళ్లు ఇంకా ఉన్నారు.

కొన్నేళ్ల కింద ఒక జిల్లాలో రిపోర్టర్‌గా ఉన్నప్పుడు అలాంటి కేసు ఒకటి రాశాను. అయిదుగురు దోస్తులు, ఒక జీపు, సంచిలో చుక్కల జింక గోష్త్. అందులో అన్ని మతాల కుర్రాళ్లూ ఉన్నారు. ఒకడు బండి నడిపాడు, ఒకడు లైటు పట్టుకున్నాడు. కాల్చింది ఒక్కడే. కోర్టు బయట లైటు పట్టుకున్న కుర్రాడి తల్లి నా దగ్గరికొచ్చి, "బేటా, నామ్ నక్కో లిఖో" అంది. "నా కొడుకు కాల్చలేదు, ఊరికే వెంట వెళ్లాడు" అంది. ఆ తల్లికి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఈటె అందివ్వని ఆ ప్రయాణికులు మాత్రం గుర్తొచ్చారు.

హలాల్ జానవరే కదా అనే దలీల్ మన కుర్రాళ్ల నోట చాలాసార్లు విన్నాను. దొంగిలించిన మేక కూడా హలాల్ జానవరే. చేతికి ఎలా వచ్చిందన్నది కూడా లెక్కే. అదీ బిన్ హాతిమ్ (రజి) అడిగినవన్నీ ఆ లెక్క గురించిన సవాళ్లే. ఇంట్లో కడుపునిండా తిండి ఉండగా, మిగిలిన కాసిని హిరన్‌లలో ఒకదాన్ని లైటు వేసి కాల్చడానికి ఆ జవాబుల్లో చోటు ఎక్కడుందో మీరే వెతకండి.

హైదరాబాద్‌లో విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు అది నిజాం షికార్‌గాహ్. ఇప్పుడు అక్కడ కాలా హిరన్‌లు నిర్భయంగా మేస్తున్నాయి. సెలవు రోజు పిల్లల్ని తీసుకెళ్లండి. చప్పుడు చేయకుండా, గాలికి ఎదురుగా, ఎంత దగ్గరికి వెళ్లగలరో చూడమనండి. పాత విలుకాళ్ల సబర్ ఎంతో వాళ్లకు అక్కడే అర్థమవుతుంది. షికార్ ముచ్చట చెప్పాలనుకుంటే, ఈటె అందివ్వని దోస్తుల ముచ్చట చెప్పండి.