ఓ రోబో రేపు రా

తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాస్తే దయ్యం అది చదివి వెనక్కి పోతుందని ఒకప్పుడు మన ఊళ్లలో నమ్మకం. ఆ ఉపాయం పారాలంటే దయ్యానికి చదువొచ్చి ఉండాలి, చెప్పిన మాట వినే గుణమూ ఉండాలి. ముప్పై ఏళ్లుగా వెబ్‌సైట్లను కాస్తున్న ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ అనే ఫైలు కూడా అచ్చంగా ఈ రెండు షరతుల మీదే నడుస్తోంది.

అది పుట్టిన నాటికి గూగుల్ లేదు. సెర్చ్‌లో సైటును పైకి తెచ్చే ‘ఎస్‌ఈఓ’ విద్య మాటా లేదు. 1993లో ఎంఐటీలో మాథ్యూ గ్రే అనే విద్యార్థి వెబ్ ఎంత పెద్దదో కొలుద్దామని ‘వాండరర్’ అనే ప్రోగ్రాం రాశాడు. లింకు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోవడమే దాని పని. అలాంటివి వరసగా పుట్టుకొచ్చాయి. వాటినే రోబోలన్నారు, ఇప్పుడు క్రాలర్లంటున్నాం.

ఆనాటి సర్వర్లు చాలా చిన్నవి, లైన్లు నెమ్మది. రోబో ఊపిరాడనివ్వకుండా పేజీ తర్వాత పేజీ అడిగేది. అడిగిందే మళ్లీ అడిగేది. మనుషుల కోసం పెట్టిన ఓటింగ్ పేజీల్లోకి దూరి తెలియకుండా ఓట్లు కూడా వేసేసేది. ఒక్కోసారి అసలు పాఠకులకే సైటు తెరుచుకునేది కాదు.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో, నెక్సార్ అనే కంపెనీలో మార్టిన్ కోస్టర్ అనే డచ్చి ఇంజనీరు పనిచేసేవాడు. రోబోలతో పనిలేకుండా సైటు యజమానులే తమ పేజీల వివరాలు రాసిచ్చే ‘అలీవెబ్’ అనే వెతుకుడు పద్ధతిని 1993 నవంబరులో ప్రకటించింది ఆయనే. అలాంటి ఆయన సర్వర్‌కే ఒక రోబో బెడద తగలడం విచిత్రం. ఆ రోబోను రాసింది తానేనని, తన తప్పుల తడక ప్రోగ్రామే కోస్టర్ సర్వర్‌ను ఉక్కిరిబిక్కిరి చేసిందని చార్లెస్ స్ట్రాస్ తర్వాత చెప్పుకున్నాడు. ఆయన ఇప్పుడు పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత.

1994 ఫిబ్రవరిలో కోస్టర్ ఒక ప్రతిపాదన చేశాడు. ప్రతి సైటూ ఒక తెలిసిన చోట ఒక చిన్న ఫైలు ఉంచాలి. రోబో ముందు దాన్ని చదివి, ఆ తర్వాతే లోపలికి రావాలి. మొదట్లో ఆ ఫైలు పేరు ‘రోబోట్స్‌నాట్‌వాంటెడ్’. ఎనిమిది అక్షరాలు దాటని డాస్ కంప్యూటర్లలో అంత పేరు పట్టదు. ఏ యంత్రంలోనైనా ఇమడాలనే ఆలోచనతో ఖాయమైన పేరు ‘రోబోట్స్’.

ఆ ప్రతిపాదన మీద కుదిరిన ఒప్పందపత్రం 1994 జూన్ 30 తేదీతో వెలువడింది. అందులోని నిజాయితీ నాకు నచ్చుతుంది. ఇది అధికారిక ప్రమాణం కాదని, దీన్ని ఎవరూ బలవంతంగా అమలు చేయరని, రోబోలన్నీ వింటాయన్న హామీ లేదని అందులోనే రాసుకున్నారు. అయినా వెబ్‌క్రాలర్, లైకోస్, ఆల్టావిస్టా వంటి ఆనాటి సెర్చ్ ఇంజిన్లు తలవంచాయి.

ఫైలులో ఉండేది ఏమంత లేదు. ‘యూజర్-ఏజెంట్’ అన్న వరసలో రోబో పేరు రాస్తారు, నక్షత్రం గుర్తు పెడితే అందరికీ అని. కింద ‘డిస్‌అలౌ’ అని రాసి, పక్కన రావద్దన్న దారి ఇస్తారు. ఆ పక్కన ఏమీ రాయకపోతే అంతా స్వేచ్ఛ. ఒక్క ఏటవాలు గీత, అంటే స్లాష్ పెడితే సైటు మొత్తం బంద్. కొత్త సైటు కట్టేటప్పుడు ఎవరూ రాకుండా ఆ గీత పెట్టి, ప్రారంభోత్సవం రోజున తీయడం మరిచిపోవడం ఈ వృత్తిలో పాత కథే. తెలుగు లిపిలో చిరునామాలున్న సైట్లకు ఇంకో చిక్కుంది. రోబోల లెక్కలో ‘అ’ అన్న ఒక్క అక్షరం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. తెలుగు దారి ఒకటి ఈ ఫైలులో ఎక్కించామంటే ఆ వరస మనిషి కంటికి ఆనదు.

‘రావద్దు’ అంటే ‘చూపించొద్దు’ అని చాలామంది అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. రోబో లోపలికి రాకపోయినా, ఇంకో సైటులో లింకు కనబడితే ఆ చిరునామా సెర్చ్‌లో తేలవచ్చు. అసలు తేలకూడదంటే పేజీలోనే ‘నోఇండెక్స్’ అని రాయాలి, అది చదవడానికి రోబోను రానివ్వాలి. ఇక రహస్య ఫోల్డర్ల పేర్లు ఈ ఫైలులో రాసేవాళ్లున్నారు. ఫైలు లోకమంతా చదివేదని వాళ్లకు తట్టదు.

చెప్పిన మాట విననివాళ్లు మొదటినుంచీ ఉన్నారు. వేలం ధరలు పోల్చిచూపే బిడర్స్ ఎడ్జ్ అనే కంపెనీ రోబో, కాదన్నా వినకుండా ఈబే సైటును రోజుకు సుమారు లక్షసార్లు తట్టేది. 2000 మే నెలలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు దాన్ని ఆపింది. ఆపింది ఈ ఫైలును మీరినందుకు కాదు, ఇతరుల సొత్తులో చొరబడి ఇబ్బంది పెట్టారన్న పాత న్యాయసూత్రం మీద.

ఇంత చేసినా దీనికి అధికార ముద్ర పడటానికి పాతికేళ్లు దాటింది. 2019లో గూగుల్ ముందుకొచ్చి, ఈ ఫైలును చదివే తన ప్రోగ్రామును అందరికీ ఇచ్చేసింది. 2022 సెప్టెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ దీన్ని ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే పత్రంగా ప్రకటించింది. రచయితల్లో మొదటి పేరు కోస్టర్‌దే. ఈ నియమాలు తాళం కావని, ప్రవేశాన్ని అడ్డుకునే అధికారం కాదని అందులోనూ స్పష్టంగా రాశారు.

మరి ఇన్నేళ్లు ఎందుకు విన్నారు? మర్యాద కొద్దీ మాత్రమే కాదు, ఇచ్చిపుచ్చుకోవడం ఉంది గనక. సెర్చ్ ఇంజిన్ మన పేజీలు చదువుకుపోయేది, బదులుగా పాఠకులను పంపేది. కృత్రిమ మేధ రోబోలతో ఆ లెక్క తప్పింది. అవి చదువుకుపోయి జవాబు తామే చెప్పేస్తున్నాయి, పాఠకుడు మన గడప దాకా రావడం లేదు. 2023 ఆగస్టులో చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్ఏఐ తన రోబో ‘జీపీటీబాట్’ పేరు బయటపెట్టి, వద్దనుకుంటే ఈ ఫైలులోనే ఆపుకోవచ్చంది. న్యూయార్క్ టైమ్స్ సహా ఎన్నో పత్రికలు వెంటనే ఆపేశాయి. మర్యాద చాలదని తేలాక, 2025 జూలైలో వెబ్‌సైట్లకు కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ తన దగ్గర చేరే కొత్త సైట్లకు ఏఐ రోబోలను మొదటే అడ్డుకునే ఏర్పాటు చేసింది. అడ్డుకునేది సర్వరే. ఫైలు అడగగలదు, అంతే.

మీకు వెబ్‌సైటుంటే చిరునామా చివర స్లాష్ పెట్టి ఆ ఫైలు పేరు కొట్టి చూడండి. నక్షత్రం గుర్తు కింద ‘డిస్‌అలౌ’ పక్కన ఒంటరి స్లాష్ కనబడితే, సెర్చ్‌లో మీరెందుకు కనబడటం లేదో ఏ నిపుణుడికీ డబ్బివ్వకముందు మీ సైటు కట్టినవాళ్లను అడగండి.