చతురస్రమా? దీర్ఘచతురస్రమా?
(రోలు ఫిల్ము కెమెరాల చరిత్రనుండి కొన్ని సంగతులు)

ఒక సంఘముయొక్క గతమును తెలిసికొనుటకు రిజిస్టర్లు, మినిట్సు పుస్తకములు, ఉత్తరములు ఎంత ఆధారమో, పాత ఫొటోలును అంతే ఆధారము. ఫొటోలో ఎవరున్నారని మనము వెదకుదుము గాని, ఎవరు లేరు, ఎందుకు లేరు అని సాధారణముగా అడుగము. దానికి జవాబు కొంతవరకు కెమెరాలోని ఫిల్ము ఆకారములో ఉన్నదని మా అభిప్రాయము. కనుక ఆ ఆకారములు ఎట్లు పుట్టినవో, ఏది దేనికి తగునో మాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరించుచున్నాము.

1901లో అమెరికాలోని కొడాక్ కంపెనీవారు 2వ నంబరు బ్రౌనీ అను పెట్టె కెమెరాను రెండు డాలర్లకు అమ్మిరి. దానికొరకు తయారైనదే 120 ఫిల్ము. ఫిల్ము వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు, వెనుక వెలుగు తగులకుండ కాగితము, చుట్టుటకు స్పూలు. దానిపై 6×9 సెంటీమీటర్ల బొమ్మలు వచ్చెడివి. ఫిల్మును కాగితముపై నుంచి అదే సైజులో ప్రింటు వేయు ఆ దినములలో ఫ్రేము పెద్దదిగా ఉండుట అవసరము. కాలక్రమమున వెనుక కాగితముపై మూడు వరుసల అంకెలు వేయసాగిరి. కెమెరా వీపున ఉన్న ఎఱ్ఱ కిటికీలో ఏ వరుస కనబడునో దానినిబట్టి 6×9 అయితే 8, 6×6 అయితే 12, 6×4.5 అయితే 16 బొమ్మలు. ఒకే ఫిల్ము, మూడు బేరములు!

ఈ మూడింటిలో చతురస్రమునకు పేరు తెచ్చినది రోలీఫ్లెక్స్ కెమెరా. 1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణములో ఫ్రాంకె, హైడెకె అను భాగస్వాముల కంపెనీ దీనిని విడుదల చేసెను. మొదటి నమూనాకు 117 ఫిల్ముపై 6 బొమ్మలే. 1932 నమూనాకు 120 ఫిల్ముపై 12. ఒకదానిపై నొకటిగా రెండు లెన్సులు. పైదానిగుండ చూచుట, క్రిందిదానిగుండ తీయుట. మెడలో వ్రేలాడు ఈ కెమెరాలో తల వంచి పైనున్న అద్దపు పలకపై బొమ్మను చూడవలెను. బొమ్మ నిటారుగానే యుండును గాని కుడి ఎడమలు తారుమారగును. ఇట్టి కెమెరాను ప్రక్కకు త్రిప్పి నిలువు బొమ్మ తీయుట ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును. త్రిప్పనక్కరలేని ఆకారము చతురస్రమే. అనగా, అది కంటికి ఇంపుగా ఉన్నదన్న కారణముకంటె యంత్రముయొక్క అవసరమునుబట్టి వచ్చినది.

ఇందువలన గొప్ప మేలు కలిగెను. నిలువా, అడ్డమా అని తీయునప్పుడు తేల్చుకొననక్కరలేదు. మన దేశపు మొదటి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమై వ్యారవాలాగారు వాడిన కెమెరాలలో రోలీఫ్లెక్స్ ఒకటి. 1948లో స్వీడనుకు చెందిన విక్టర్ హాసెల్‌బ్లాడ్‌గారు తన కెమెరాకును 6×6 ఆకారమునే పెట్టిరి. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రునిపై తీసిన చతురస్రపు బొమ్మలు 70 మిల్లీమీటర్ల ఫిల్ముపై హాసెల్‌బ్లాడ్‌తో తీసినవే. బరువు తగ్గించుటకు కెమెరాను అక్కడే వదలి ఫిల్ము పెట్టెలను మాత్రము తెచ్చిరి.

అయితే ఈ మేలుకు ఒక వెల గలదు. స్టూడియోలలో వాడు ఎన్లార్జ్‌మెంటు కాగితము 8×10 అంగుళములు. అది చతురస్రము కాదు. 6×6 అని పిలిచెడు నెగెటివు నిజముగా 56 మిల్లీమీటర్ల చతురము. దానిని ఆ కాగితమునకు సరిపెట్టవలెనన్న 56×45 మాత్రమే మిగులును. అయిదవ వంతు బొమ్మ పోవును! తీయునప్పుడు వాయిదా వేసిన నిర్ణయము చీకటిగదిలో ప్రింటు వేయువాని చేతికి పోయెను. అంచున నిలిచినవారి గతి అతని చేతిలోనిది.

ఈ నష్టమును తప్పించుటకే 6×7 వచ్చెను. ఆ నెగెటివు 8×10 కాగితమునకు దాదాపు సరిగా సరిపోవును గనుక జర్మనీలోని లిన్‌హోఫ్‌వారు దానిని ఆదర్శ ఆకారమనిరి. జపానునుండి 1969లో పెంటాక్స్ 6×7, 1970లో మామియా ఆర్‌బి 67 వచ్చినవి. మామియాలో కెమెరాను త్రిప్పనక్కరలేదు. వెనుకనున్న ఫిల్ము పెట్టెను త్రిప్పిన చాలును. కాని రోలుకు 10 బొమ్మలే, బరువో రెండున్నర కిలోలకు తక్కువ కాదు. 1975లో అదే కంపెనీ 6×4.5 కెమెరాను తెచ్చెను. 8×10 ప్రింటు వరకు దీని నెగెటివు 6×6 కంటె కొద్దిగానే చిన్నది. బొమ్మలు ఎక్కువ వచ్చును గనుక పెండ్లి ఫొటోలు తీయువారికి అనుకూలము.

మరి గ్రూపు ఫొటో మాటేమి? కుర్చీలలో పెద్దలు, వెనుక నిలిచినవారు, ముందు చాపపై పిల్లలు — ఇది అడ్డముగా సాగెడు బొమ్మ. చతురస్రములో తీసిన పైన ఆకాశమును క్రింద నేలయును వృథాగా పడి ముఖములు చిన్నవగును. అదే వరుసను 6×9 లో తీసిన ఫిల్ముపై ప్రతి ముఖమును ఒకటిన్నర రెట్లు పెద్దదగును. కనుక చతురస్రపు కెమెరా గలవారు జనమును పొడవుగా నిలుపక వరుసలు పెంచి నిలుపుట మేలు. ఒక్కరి పటమునకు 6×7, ఊరేగింపులు, ఉత్సవములవంటి కదిలెడు సందర్భములకు 6×6, గ్రూపునకు 6×9 అని మా ఎన్నిక. ఏది ఎన్నుకొన్నను, చివరకు ఏ కాగితముపై వేయుదురో ముందే తలంచుకొని తీయవలెను.

మన ప్రాంతపు స్టూడియోలలో యాషికా, రోలీకార్డ్‌వంటి రెండు లెన్సుల కెమెరాలును, ఇండ్లలో ఆగ్ఫా క్లిక్ 3 వంటి చౌక కెమెరాలును బహుకాలము వాడిరి. ఇవన్నియు చతురస్రములే. 1967నుండి ఉదకమండలములోని హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అను ప్రభుత్వ సంస్థ ఇందు పేరుతో ఫిల్ము తయారుచేసెను. ఆ కర్మాగారము ఇప్పుడు మూతపడినది. 120 ఫిల్ము మాత్రము విదేశములలో నేటికిని తయారగుచున్నది. సెల్‌ఫోను కాలములోను ఈ పాత తగవు తీరలేదు. 2010లో ఇన్‌స్టాగ్రామ్ చతురస్రముతోనే ఆరంభమై, 2015లో ఇతర ఆకారములకు చోటిచ్చెను.

ఇది కేవలము ఫొటోగ్రాఫర్ల సంగతి అని పాఠకులు తలంచకూడదు. ఆల్బములో అతికించిన ప్రింటు కోయబడినదై యుండవచ్చును; నెగెటివు పూర్తిగా ఉండును. పెద్దలు కూర్చున్న మధ్యభాగము మిగిలి, అంచున నిలిచిన వంటమనిషియో, గంట కొట్టువాడో, చంటిబిడ్డతో ఉన్న తల్లియో ప్రింటులో లేకపోవచ్చును. వారి పేర్లు ఏ మినిట్సు పుస్తకములోను ఉండకపోవచ్చును. కావున మీ పెట్టెలలో, పాత స్టూడియోల అలమరలలో నెగెటివులు కనబడిన, ప్రింటున్నది గదా అని పారవేయకుడి. వేరువేరు కాగితపు కవరులలో పెట్టి, వేడియు తేమయు లేనిచోట భద్రపరచుడి. వెలుగుకు పట్టి అంచులవరకు చూడుడి. అక్కడ నిలిచినవారిని గుర్తుపట్టగల వృద్ధులు మన మధ్య నుండగనే వారి నడిగి, కవరుమీద పేర్లు వ్రాసిపెట్టుడి.