ఒక చిన్న గ్యాలరీ, ఒక ఏడాది, ఆరు ప్రదర్శనలు

మొన్నామధ్య మా టీములో ఉన్న బెంగాలీ కుర్రాడొకడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అవనీంద్రనాథ్ ఠాగూర్ గురించీ, నందలాల్ బోస్ గురించీ ఓ పావుగంట చెప్పి, చివర్లో "మరి మీ వైపు ఎవరు?" అని అడిగాడు. నేను చదువుకునే రోజుల్లో నాలుగేళ్ళు రాజమండ్రి గోదావరి గట్టు మీద తిరిగినవాణ్ణి. దామెర్ల రామారావు గ్యాలరీ బోర్డు ముందు నుంచి ఎన్నిసార్లు సైకిలు తొక్కుకుంటూ పోయానో లెక్కలేదు. లోపలికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. "బాపు" అని నసిగి, ఇంకేమీ తోచక సాంబారు గిన్నె దగ్గరకి లాక్కున్నాను.

బాపు పేరు చెప్పడంలో తప్పేం లేదు. ఆయన తర్వాత రెండో పేరు నోటికి రాకపోవడమే తప్పు. ఆ సిగ్గుతోనే సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఓ పూట ఆ గ్యాలరీలో గడిపాను. తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని ఓ ఊహ అల్లుకున్నాను. ఆ చిన్న చోట మనవాళ్ళ బొమ్మలతో ఏడాది పొడుగునా, రెండు నెలలకొకటి చొప్పున ఆరు ప్రదర్శనలు పెడితే ఎలా ఉంటుంది? మన భాషలో చెప్పాలంటే ఆరు రిలీజులు :)

మొదటిది ఇంటివాడిదే కావాలి కదా. రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రాడి చెయ్యి చూసి, 1916లో బొంబాయి జె.జె. స్కూలుకి పంపించాడు. అక్కడ చదువయ్యాక బొంబాయిలోనే ఉండిపోతే దారి సుఖంగా ఉండేదేమో, ఆయన రాజమండ్రి తిరిగొచ్చి బొమ్మల బడి పెట్టాడు. 1922లో ఆయన 'ఋష్యశృంగ బంధనం' కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి తెచ్చుకుంది. అంటే మా బెంగాలీ కుర్రాడి ఊళ్ళోనే మనవాడు గెలిచొచ్చాడన్నమాట. భోజనాల బల్ల దగ్గర ఈ ముక్క తెలిసుంటే ఎంత బావుండేది! 1925 ఫిబ్రవరిలో మశూచికం ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి ఆయనకి 28 ఇంకా నిండలేదు.

రెండో ప్రదర్శన నా లెక్కలో మొదటిదానికన్నా ముఖ్యం. రామారావు పోయాక ఆ బొమ్మలు నలుగురి ఇళ్ళకీ చేరి, ఆ తర్వాత అటకెక్కి, ఆ తర్వాత చెదలకి పోవాల్సినవి. పోలేదు. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం బడిని నిలబెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ స్వయంగా చిత్రకారిణులు. ఈరోజు మనం వెళ్ళి చూడ్డానికి ఓ గ్యాలరీ అంటూ ఉందంటే ఇలాంటివాళ్ళ చలవే. ఈ ముగ్గురి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాలి.

నా ఉద్యోగ జీవితంలో సగం మెయింటెనెన్సు ప్రాజెక్టుల్లోనే గడిచింది. కొత్తగా కట్టినవాడికి కేకు కోస్తారు. పదేళ్ళు పడిపోకుండా చూసినవాడి పేరు ఎవడికీ గుర్తుండదు. కళాచరిత్రలోనూ అంతేనని ఆ పూట అర్థమైంది. రామారావు పేరైనా బోర్డు మీద ఉంది. వెంకటరత్నం పేరు నేను ముప్ఫై దాటాక గానీ వినలేదు.

మూడోది బందరుది. 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పేవాడు. ఆయన శిష్యుల్లో ఒకరు అడివి బాపిరాజు. మనకి బాపిరాజంటే 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' రాసిన నవలాకారుడు. ఆయన బొమ్మలు వేసేవాడని, 1930లలో అదే కళాశాలకి ప్రిన్సిపాల్‌గా కూడా చేశాడని మనలో ఎంతమందికి తెలుసు? నవలకి మళ్ళీ మళ్ళీ అచ్చులు పడతాయి. బొమ్మ ఒక్కటే కాపీ, బ్యాకప్ లేదు.

నాలుగోది ఉత్తరాంధ్ర. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య, అదే మన 'వపా', చందమామ, యువ అట్టల మీద వేసిన బొమ్మల్ని మా అమ్మ కత్తిరించి ట్రంకుపెట్టె మూతకి లోపలివైపు అంటించుకుంది. ఆవిడకి గ్యాలరీ అంటే ఆ పెట్టే. పక్కనే విజయనగరంలో చిత్రకళాశాల పెట్టి శిష్యుల్ని తయారుచేసిన అంత్యాకుల పైడిరాజు. ఒకరు అచ్చుయంత్రం ద్వారా లక్షల ఇళ్ళకి వెళ్ళారు, ఇంకొకరు ఊళ్ళో కూర్చుని పిల్లలకి నేర్పారు. రెండు దారులూ ఒకే గదిలో చూడొచ్చు.

అయిదోది తెలంగాణ. సిద్దిపేట కాపు రాజయ్య, శాంతినికేతన్‌లో నేర్చుకొచ్చి హైదరాబాదులో పాఠాలు చెప్పిన కొండపల్లి శేషగిరిరావు, కరీంనగర్ జిల్లా నుంచి బొంబాయి జె.జె. స్కూలుకెళ్ళి, ఆపైన హైదరాబాదులో స్థిరపడిన పి.టి. రెడ్డి. నారాయణగూడలోని తన ఇంటినే 'సుధర్మ' అనే గ్యాలరీగా మార్చాడాయన. చూశారా, ఇక్కడా అదే కథ. బొమ్మ గీయడం ఒక్కటే చాల్లేదు, దాన్ని వేలాడదీసే గోడ కూడా తనే కట్టుకోవాల్సొచ్చింది.

ఆరోది సంతకాల్లేని వాళ్ళది. చింతగింజల జిగురూ సుద్దమట్టీ పట్టించిన గుడ్డ మీద కులపురాణాలు గీసిన చేర్యాల నకాషీలు, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు. వాళ్ళ పటం కథ చెప్పేవాళ్ళకి పనిముట్టు. పాతదైతే పక్కనపెట్టి కొత్తది గీయించుకునేవారు. మ్యూజియం అన్న ఊహే అక్కర్లేని కళ అది. దీన్ని చివర్న పెట్టడం వెనక నా ఉద్దేశం, మొదటి గదిలో నేర్చుకున్న 'కళాకారుడు' అన్న మాటని ఆఖరి గదిలో మళ్ళీ ఓసారి ప్రశ్నించుకోవాలని.

బెంగాలు వాళ్ళకి పుస్తకాల్లో అధ్యాయాలకి అధ్యాయాలుంటే మనకి ఒక పేరా ఉండటానికి కారణం ప్రతిభ తక్కువై కాదు. వాళ్ళకి బొమ్మల్ని అచ్చేసే పత్రికలు, రాసే విమర్శకులు, కొనే పెద్దమనుషులు, శాంతినికేతన్‌లాంటి సంస్థ, అన్నిటికీ మించి కలకత్తా ఉన్నాయి. మనకి కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో పెట్టిన 'భారతి'లాంటివి ఉన్నాయి గానీ, అదీ మద్రాసు నుంచే రావాల్సొచ్చింది. బందరు ఓ చోట, రాజమండ్రి ఓ చోట, హైదరాబాదు పూర్తిగా వేరే రాజ్యం. అన్నీ విడివిడి సర్వర్లు, మధ్యలో నెట్‌వర్కు లేదు. ఇవాళ నెట్‌వర్కుంది. లోపలికి వెళ్ళి చూసేవాళ్ళే లేరు.

ఈ ఏడాది ప్రణాళిక ఎవరైనా అమలుచేస్తారని నాకు భ్రమ లేదు. అప్పులిప్పించి తెచ్చే బొమ్మలకి భీమా ఎవరు కడతారు, కాపలా ఎవరు ఉంటారు అని ఆలోచిస్తేనే తల తిరిగింది. అందుకని ముందు చిన్న పని చేశాను. బెంగుళూరు రాగానే ఆ బెంగాలీ కుర్రాణ్ణి పిలిచి, ఆరు పేర్లు కాగితం మీద రాసిచ్చాను. వాడు చదివి, "మరి నువ్వు వీటిలో ఎన్ని చూశావ్?" అన్నాడు.

ఒక్క గదే చూశాను. ఇంకా అయిదున్నాయి. ఈసారి మీరు రాజమండ్రి వెళ్తే (2015 నుంచి రాజమహేంద్రవరం అనాలి లెండి) గట్టు మీద బండి ఓ అరగంట ఆపండి. నాలాగా నాలుగేళ్ళు సైకిలు తొక్కాక కాదు.