దొరికితే దొంగ, దొరక్కపోతే దొర

చేత్తోనే తెంపాలి. కత్తి ముట్టుకోకూడదు.

యూరోటాస్ నది ఒడ్డున మోకాలి లోతు బురదలో నిలబడి, తుంగ దుబ్బును రెండు చేతులా పట్టుకుని మెలితిప్పి లాగుతున్నావు. ఆకు అంచు అరచేతిని కోస్తోంది. కారుతున్నది నీళ్లో నెత్తురో చూసుకునే తీరిక లేదు. పొద్దు తైగెటస్ కొండల వెనక్కి దిగిపోతోంది. చీకటి పడేలోగా ఒక మోపు కాకపోతే ఈ రాత్రి కటిక నేల మీదే. నీ పరుపు ఇదే మరి. చలి ముదిరాక ఇందులో కాస్త ముళ్లమొక్కల దూది కలుపుకోనిస్తారు. వెచ్చగా ఉంటుందని పెద్దవాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పేవన్నీ నమ్మక్కర్లేదని నీకూ తెలుసు.

నీకు పన్నెండేళ్లు. ఊరు స్పార్టా. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దం. ఒంటి మీద ఒకే ఒక్క ఉన్ని దుప్పటి. ఎండకైనా మంచుకైనా ఏడాది పొడుగునా అదే. కాళ్లకి చెప్పుల్లేవు. జుట్టు కురచగా కత్తిరించేశారు. ఒంటికి నూనె రాసుకుని స్నానం చేసే రోజులు ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. అరికాళ్లు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. రాళ్ల మీద పరిగెత్తుతుంటే ఇప్పుడు చప్పుడు తెలుస్తుంది కానీ నొప్పి తెలీదు.

ఏడేళ్లు నిండగానే ఇంట్లోంచి తీసుకొచ్చి తోటి పిల్లల మందలో కలిపేశారు. మీ అందరి మీదా ఒక పెద్ద అధికారి ఉన్నాడు, ఆయన వెంట కొరడాలు పట్టుకున్న యువకులు ఉంటారు. ఈ నగరంలో ఏ పెద్దమనిషికైనా నిన్ను కొట్టే హక్కుంది. వెళ్లి నాన్నతో చెప్పుకుంటే ఆయనా నాలుగు అంటిస్తాడు. '300' సినిమాలో పిల్లవాడు మంచులో తోడేలుతో తలపడతాడు చూడు, ఆ తోడేలు కోసం వెతక్కు. ఇక్కడ నిన్ను పట్టి పీడించేది ఆకలి. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదొక్కటే ఆలోచన.

మోపు తెచ్చి పడేశావు. ఐరెన్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. మీ గుంపుకి నాయకుడు, ఇరవై ఏళ్లవాడు. అతడే మీకు తల్లీ తండ్రీ, యముడూ.

"పెద్దోళ్లు కట్టెలు. చిన్నోళ్లు కూరలు. పోండ్రా."

డబ్బులివ్వడు. ఎక్కణ్నించి తేవాలో చెప్పడు. మీకు పెట్టే తిండి కావాలనే సగం కడుపుకి పెడతారు. మిగతా సగం మీరే సంపాదించుకోవాలి, అంటే దొంగిలించాలి. రేపు యుద్ధంలో శత్రువు పొలాల మీదే కదా బతకాల్సింది! దొంగతనానికి ఇక్కడ శిక్ష లేదు. దొరికిపోవడానికి ఉంది.

రెండు దారులున్నాయి. పెద్దవాళ్ల భోజనశాలలోకి దూరితే రొట్టె, మాంసం దొరకొచ్చు, కానీ లోపల పదిహేను మంది సైనికులు తింటూ ఉంటారు. లేదా ఊరి చివరి తోట. అక్కడ ఉల్లిగడ్డలు, అంజీర పళ్లు, ఒక కుక్క.

నువ్వు తోటకే వెళ్తావు.

గోడ దూకావు. గాలి నీ మొహానికి కొడుతోంది. మంచిదే, నీ వాసన కుక్కకి అందదు. పొట్ట మీద పాకుతూ వెళ్లి ఉల్లిమడిలో చెయ్యి పెట్టావు. ఒకటి. రెండు. మట్టి విదల్చకుండానే దుప్పటి మడతలో దోపుకున్నావు. అంజీర చెట్టు ఇంకో పది అడుగులుంది. వెళ్లిపోవచ్చు. కానీ పళ్ల వాసన తగిలింది. తియ్యగా, పాలలాగా.

కొమ్మ అందుకుంటుండగా తలెత్తి చూశావు.

చెట్టు అవతల ఒక కుర్రాడు. నీ వయసే. తల మీద కుక్కతోలు టోపీ. హెలోటు.

హెలోట్లు ఎవరంటావా? ఈ పొలాలు దున్నేవాళ్లు. మీ పూర్వులు గెలిచిన నేల వాళ్లది, దాంతో పాటే వాళ్లనీ కట్టేసుకున్నారు. ఊరు విడిచి పోకూడదు, పంటలో వాటా దొరలకి కొలవాలి. స్పార్టన్ అన్నవాడు నాగలి పట్టడు. నువ్వు ఇలా పగలంతా పరిగెత్తగలుగుతున్నావంటే నీ బదులు ఎండలో నిలబడ్డవాడు ఇదిగో ఇతడే. వాళ్లు మీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మంది.

ఆ కుర్రాడు నోరు తెరిస్తే కుక్క లేస్తుంది. కుక్క లేస్తే నువ్వు దొరుకుతావు.

అతడు అరవలేదు. నిన్నే చూస్తూ నిలబడ్డాడు. నువ్వు రెండు పళ్లు కోసుకుని గోడ దూకావు.

గుంపులోకి వచ్చాక పక్కవాడు చెవిలో అదే పాత కథ మళ్లీ మొదలెడతాడు. నక్కపిల్లని దొంగిలించి దుప్పటి కింద దాచుకున్న కుర్రాడి కథ. అది గోళ్లతో, పళ్లతో పొట్ట చీరేస్తున్నా కిమ్మనలేదట. అలాగే చచ్చిపోయాడట. తినడానికి పనికిరాని నక్కని ఎందుకు దాచాడన్న సందేహం నీకు వస్తుంది, కానీ అడగవు. ఇలాంటివి అడిగితే ఏమవుతుందో తెలుసు.

ఎందుకంటే తిండి అయ్యాక అడిగేది ఐరెన్. మంట పక్కన చేరగిలబడి ఒకణ్ని పాట పాడమంటాడు. నీ వైపు తిరుగుతాడు.

"నగరంలో అందరికన్నా మంచి మనిషి ఎవరు?"

గొంతు ఆరిపోతోంది. పేరు చెప్తే సరిపోదు, కారణం చెప్పాలి. అదీ రెండు ముక్కల్లో.

"మా వీధి పెద్దాయన. ఎందుకంటే ఆయన యుద్ధంలో ముందు వరసలో నిలబడి, తరవాత గాయం తగిలినా కూడా మళ్లీ..."

"చాలు. చెయ్యి ఇలా తే."

బొటనవేలు అతడి పళ్ల మధ్యకి వెళ్లింది. కొరికాడు. నెమ్మదిగా, నీ కళ్లలోకి చూస్తూనే. నువ్వు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. వెనకాల చీకట్లో ఇద్దరు ముసలివాళ్లు నిలబడి ఇదంతా గమనిస్తున్నారు. మీరు వెళ్లాక ఐరెన్‌ని పిలిచి శిక్ష ఎక్కువైందనో తక్కువైందనో వాళ్లు తేలుస్తారు. అతడికీ పరీక్షే. ఈ ఊళ్లో పరీక్ష లేనివాడు లేడు. రాజు పెద్దకొడుకు మాత్రం మినహాయింపు. సింహాసనం ఎక్కాల్సినవాడికే ఈ చదువు అక్కర్లేదనడం నాకైతే విచిత్రంగానే ఉంటుంది.

ఇవాళ ఆర్తెమిస్ ఓర్థియా గుడి దగ్గర ఉన్నావు. నది పక్కన పల్లపు నేల. బలిపీఠం మీద చీజ్ ముద్దలు పేర్చారు. ఎన్ని ఎత్తుకొస్తే అంత పేరు. పీఠం చుట్టూ కొరడాలు పట్టుకుని నిలబడ్డారు.

పక్కగా పోతే దెబ్బలు తక్కువ, చేతికొచ్చేదీ తక్కువ. సూటిగా పోతే దగ్గర. తేల్చుకో.

సూటిగానే.

పరుగు. మొదటి దెబ్బ భుజం మీద. వేడి. రెండోది వీపు మీద. తల దించు. చెవి పక్కన గాలి చీలింది. చెయ్యి చాచు. మెత్తగా తగిలింది. పట్టుకో. మూడోది. నాలుగు. కాలు జారింది. పడకు. పడితే అయిపోయావు. ఇంకోటి అందుకో. మణికట్టు మీద దెబ్బ. వేళ్లు తిమ్మిరి. వదలకు. తిరుగు. పరుగు.

బయటపడ్డావు. చేతిలో రెండు ముద్దలున్నాయి, ఒకటి నలిగి వేళ్ల సందుల్లోంచి కారుతోంది. అది నాకేశావు. ఎవరూ ఏమీ అనలేదు.

తరాలు గడిచి రోమన్ల ఏలుబడి వచ్చేసరికి ఇక్కడ చీజ్ మాయమై కొరడాలే మిగులుతాయి. ఆ పీఠం దగ్గర దెబ్బలకు చచ్చిపోయిన కుర్రాళ్లను తాను చూశానని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో జనం కూర్చుని చూడ్డానికి రాతి మెట్లు కూడా కట్టారు. నీ గురించి ఈ మాత్రమైనా తెలిసింది బయటివాళ్ల వల్లే: ఏథెన్సువాడు జెనొఫోన్, శతాబ్దాల తరవాతి ప్లూటార్క్. మీవాళ్లు రాసుకోలేదు. రాసుకోవడం మీకు నేర్పిందే అంతంతమాత్రం.

ఏళ్లు తిరిగాయి. నీ చెల్లెలు మైదానంలో డిస్కస్ విసురుతోంది, కుస్తీ పడుతోంది. బలమైన తల్లికి బలమైన బిడ్డ అన్నది ఈ ఊరి లెక్క. నీకు గడ్డం వచ్చింది. ఒకరోజు నిన్ను, ఇంకొందరిని విడిగా పిలిచారు. అందరినీ పిలవరు. బుర్ర ఉన్నవాళ్లనే.

చేతికి ఒక బాకు ఇచ్చారు. కొన్నాళ్లకి సరిపడా తిండి. పగలు కనపడకూడదు. రాత్రి కొండ దిగాలి. దారిలో చిక్కిన హెలోటుని చంపాలి.

తప్పు కాదా అని నువ్వు అడగక ముందే జవాబు ఉంది. ఎఫోర్లు అనే, ఏటా ఎన్నికయ్యే ఐదుగురు పెద్దలు పదవిలోకి రాగానే హెలోట్ల మీద యుద్ధం ప్రకటిస్తారు. ఏటేటా అదే తంతు. యుద్ధంలో చంపితే పాపం అంటదు.

గుంపులో గుసగుసగా ఇంకోటి కూడా విన్నావు. యుద్ధంలో బాగా పోరాడిన హెలోట్లు ముందుకు రండి, విడుదల చేస్తాం అన్నారట. దాదాపు 2000 మందిని ఎంచారు. తలకి పూలదండలు చుట్టుకుని గుళ్ల చుట్టూ తిరిగారు, సంబరంగా. తరవాత వాళ్లు కనపడలేదు. ఎవడు ఎలా పోయాడో ఎవరికీ తెలీదు. స్వేచ్ఛ అడగడానికి ముందుకొచ్చే ధైర్యం ఎవరికుందో, ఎదురు తిరిగే ధైర్యమూ వాళ్లకే ఉంటుందన్నది పెద్దల లెక్క అట.

అందుకే ఇవాళ పగలంతా రాళ్ల సందున పడుకుని పొలం చూశావు. ఎవడు గట్టిగా ఉన్నాడో. ఎవడు మాట్లాడితే మిగతావాళ్లు వింటున్నారో.

వాడు ఒంటరిగా వస్తున్నాడు. చీకటి. భుజం మీద పలుగు. ఏదో కూనిరాగం.

ఆ తోటలో అరవకుండా నిలబడ్డవాడేనా? వయసు సరిపోతుంది. కావచ్చు. కాకపోవచ్చు. వాళ్ల మొహాలు గుర్తుపెట్టుకోవడం నీకెవరూ నేర్పలేదు.

వదిలేయొచ్చు. ఎవరూ చూడటం లేదు. ఎవడూ చిక్కలేదని రేపు చెప్పొచ్చు. దొరకకుండా ఉండటం నీకు వచ్చిన విద్యే కదా.

ఇరవై అడుగులు.

పాట ఆగింది. విన్నాడా?

పది.

చెప్పుల్లేని కాళ్లు. చప్పుడు లేదు.

ఐదు.

ఇప్పుడే.

చెయ్యి నిన్ను అడగలేదు. ఏడో ఏట నుంచీ దాన్ని తయారు చేసింది ఇందుకే.

ఇప్పుడు భోజనశాల గుమ్మం బయట నిలబడి ఉన్నావు. లోపల పదిహేను మంది. వాళ్లలో ఒకడివి కాకపోతే నువ్వు పౌరుడివి కావు. పనివాడు తల మీద గిన్నె పెట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్నాడు, ఒక్కొక్కరూ రొట్టె తుంచి అందులో వేస్తున్నారు. ఒక్కడైనా ఆ ముక్కని వేళ్లతో నొక్కి చదునుగా చేసి వేశాడా, నీ పని అయిపోయినట్టే. ఎందుకు వద్దన్నాడో ఎవరూ అడగరు.

గిన్నె దించారు. ముక్కలు తిరగేసి చూస్తున్నారు.

"రా."

నల్లటి పులుసు ముందు పెట్టారు. ముసలాయన గుమ్మం వైపు వేలు చూపించి, ఇక్కడి మాట ఒక్కటి కూడా ఆ గడప దాటకూడదన్నాడు. తరవాత నెలనెలా నువ్వు తెచ్చి కొలవాల్సినవి చెప్పాడు: యాభై లీటర్లకు పైనే బార్లీ పిండి, పాతిక లీటర్లకు పైనే వైన్, ఐదు మినాల తూకం చీజ్, రెండున్నర మినాల అంజీర పళ్లు. ఇంకా, నంజుడుకి కాస్త డబ్బు. ఇవ్వలేకపోయిన రోజున ఈ బల్ల దగ్గర చోటు పోతుంది, దాంతో పౌరసత్వమూ పోతుంది.

"మీ పొలంలో మనుషులు సరిపడా ఉన్నారా?" అని అడిగాడు.

"ఉన్నారు" అన్నావు.