పురిటిగది గోడ మీద మూడు పేర్లు

తాయెత్తు అనగానే మనకు మొలతాడుకు కట్టిన రేకు స్ఫురిస్తుంది. ఐరోపా యూదుల ఇళ్ళలో బాలింతకు పెట్టిన రక్ష మాత్రం తరచుగా ఒక కాగితం. దానిని పురిటిగది గోడలకూ, తలుపుకూ అంటించేవారు. దాని మీద హీబ్రూ లిపిలో 121వ కీర్తన, ఆదాము హవ్వల పేర్లు, లిలిత్ వెలుపలనే ఉండాలన్న ఆజ్ఞ, సెనోయ్, సన్సెనోయ్, సెమంగెలోఫ్ అనే ముగ్గురు దేవదూతల నామాలు కనిపిస్తాయి.

ఎవరీ లిలిత్? 'బెన్ సీరా అక్షరమాల' అనే మధ్యయుగ గ్రంథం ప్రకారం ఆదాముకు తొలి భార్య. ఇద్దరమూ ఒకే మట్టి నుండి పుట్టినప్పుడు తానెందుకు లోబడాలని వాదించి, అతనిని విడిచి వెళ్ళిపోయింది. వెదకి పట్టుకున్న ఆ ముగ్గురు దూతలకు, తమ పేర్లు కనబడిన చోట శిశువు జోలికి రానని మాట ఇచ్చిందట. ఆమె వలన మగబిడ్డకు ఎనిమిది రోజులు, ఆడబిడ్డకు ఇరవై రోజులు గండం. 1701లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయిన 'సెఫెర్ రజియేల్' గ్రంథంలో ఇటువంటి రక్షల నమూనాలు ఉన్నాయి.

ఈ నమ్మకాన్ని పండితులందరూ ఆమోదించలేదు. 12వ శతాబ్దంలోనే మైమోనిడిస్ తాయెత్తులు వ్రాసేవారిని తీవ్రంగా నిరసించాడు. అయితే అసలు తుపాను రేగింది 1751లో. అంతకు ముందు ఏడాది జొనాథన్ ఐబెషుట్జ్ హాంబర్గ్, ఆల్టోనా, వాండ్స్‌బెక్ సమాజాలకు ప్రధాన రబ్బీగా వచ్చాడు. పురిటిలో తల్లులు మరణిస్తున్న రోజులవి. గర్భిణులు ఆయన వద్ద తాయెత్తులు తీసుకున్నారు. ఒకదానిని విప్పి చదివిన యాకోబ్ ఎమ్డెన్ అనే పండితుడు, అందులో షబ్బెతై జ్వి పేరు గూఢాక్షరాలలో ఉన్నదని ప్రకటించాడు. 1665లో తానే మెస్సయానని చాటుకుని, మరుసటి ఏడాది ఇస్లాం స్వీకరించినవాడు ఆ షబ్బెతై. అంటే ఆరోపణ మతద్రోహమే!

ఐబెషుట్జ్ అది అసత్యమన్నాడు. సమాజాలు నిలువునా చీలాయి, బహిష్కారాలు సాగాయి, ఎమ్డెన్ ఆమ్‌స్టర్‌డాంకు పారిపోయాడు. ఆల్టోనాను ఏలుతున్న డెన్మార్క్ రాజు వరకూ తగవు వెళ్ళింది. 1764లో ఐబెషుట్జ్, 1776లో ఎమ్డెన్ మరణించారు. ఇద్దరి సమాధులూ ఆల్టోనా శ్మశానంలోనే ఉన్నాయి.

ఆ అక్షరాలలో ఎవరి పేరు దాగి ఉన్నదన్నది పండితుల ప్రశ్న. తాను బ్రతికి బిడ్డను చూసుకుంటానా అన్నది ఆ కాగితాన్ని చేతబట్టిన స్త్రీ ప్రశ్న. దానికి కొంత సమాధానం 1847లో వియన్నాలో దొరికింది. వైద్యులు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కుంటే సూతికాజ్వర మరణాలు బాగా తగ్గుతాయని సెమ్మెల్‌వైస్ చూపాడు. ఆయన మాటను కూడా ఆనాటి పండితులు వెంటనే ఒప్పుకోలేదు.