ఘంటసాల రేవు, కృష్ణ ఒండ్రు

పామర్రు నుంచి కూచిపూడి మీదుగా చల్లపల్లి వైపు సాగే దారికి చేరువలో ఉన్న ఘంటసాల, చూపుకు కృష్ణా డెల్టాలోని ఏ మాగాణి గ్రామానికీ భిన్నంగా కనిపించదు. నది వేల ఏళ్ళుగా మోసుకొచ్చిన ఒండ్రు పేరుకుని ఏర్పడిన ఈ నేలలో కొండ లేదు, రాయి లేదు. ఊరి పరిసరాల్లో ఎత్తుగా ఉన్నవి ఇటుకలు, మట్టి కలిసిన పాటిదిబ్బలు మాత్రమే. తెలుగువారికి ఈ పేరు వినగానే 1922లో గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో పుట్టిన గాయకుడు గుర్తుకు రావడం సహజమే గాని, ఆయన ఇంటిపేరుగా నిలిచిన ఈ ఊరు రెండో శతాబ్దంలోనే గ్రీకు భూగోళ గ్రంథానికి ఎక్కింది.

అలెగ్జాండ్రియాకు చెందిన టాలెమీ తన గ్రంథంలో మైసోలియా అనే తీరప్రాంతాన్ని వర్ణిస్తూ, అక్కడి వర్తక కేంద్రాల్లో కొంటకోస్సిలను పేర్కొన్నాడు. చరిత్రకారులు దీన్ని ఘంటసాలగా గుర్తించారు. ఆ తీరం వెంబడి ముందుకు పోతే, సువర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియాకు, వెళ్ళే ఓడలు ఒడ్డును విడిచి నడిసముద్రంలోకి మళ్ళే చోటు వస్తుందని కూడా ఆయన రాశాడు. అంతకు ముందరి శతాబ్దపు పెరిప్లస్ అనే నావిక గ్రంథం ఇదే సీమలో సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని చెబుతుంది. శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేయించాడంటే, రాజ్యానికి సముద్ర వర్తకం ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు.

విదేశీయుల రాతల కన్నా విలువైన ఆధారం స్థానిక శాసనాల్లో ఉంది. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకటి శివకుడనే మహానావికుణ్ణి, అంటే ఓడల పెద్దను, పేర్కొంటుంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో నాగార్జునకొండ వద్ద వేయించిన శాసనంలో బోధిశ్రీ అనే ఉపాసిక, అంటే గృహస్థురాలైన బౌద్ధ భక్తురాలు, తన దానాల జాబితా ఇస్తూ, కంటకసోలలోని, అంటే ఘంటసాలలోని, మహాచైత్యానికి తూర్పు ద్వారం వద్ద శిలామండపం కట్టించానని చెప్పింది. ఆ శాసనంలోనే సింహళ భిక్షువుల ప్రస్తావన, కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం వంటి దేశాల పేర్లు కనిపిస్తాయి. రాయి పుట్టని డెల్టాలో శిలామండపం నిలపడమంటే పల్నాటి సున్నపురాయిని నది వెంట కిందికి దింపుకోవలసిందే. ఆ ఒక్క వాక్యం వెనుక పడవలవారి శ్రమ, వర్తకుల సొమ్ము రెండూ ఉన్నాయి.

మహాచైత్యం, అంటే ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, కట్టిన తీరు 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో బయటపడింది. నడిమధ్య చతురస్రంగా ఇటుక దిమ్మె, దాని చుట్టూ గోడలు, వాటి నుంచి బయటి వలయం వరకు బండిచక్రపు ఆకుల్లా సాగే అడ్డగోడలు ఉండగా, మధ్యలో మిగిలిన గదులను మట్టితో నింపారు. అంత పెద్ద కట్టడాన్ని పూర్తిగా ఇటుకతోనే నింపకుండా, బరువును గోడలకు పంచిన ఈ పద్ధతి డెల్టా మెత్తని నేలను ఎరిగిన తాపీవారి పనితనమనే అనుకోవాలి.

రేవు ఎందుకు అంతరించిందన్న ప్రశ్నకు, సముద్రం వెనక్కి పోయిందని చెప్పడం పరిపాటి. అయితే రేవు కడలి ఒడ్డునే ఉండితీరాలన్న నియమమేమీ లేదు. ఘంటసాలకు ఓడలు నదీపాయల గుండా వచ్చి ఉండవచ్చు. 1611లో ఇంగ్లీషువారు స్థావరం వేసుకున్న మచిలీపట్నంలో కూడా పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. ఏ విధంగా చూసినా పాయలు పూడి, తీరం ముందుకు జరిగాక ఘంటసాలకు ఆ దారి మూసుకుపోయింది. వర్తకం ఇతర రేవులకు మళ్ళింది. 1244లో కాకతి గణపతిదేవుడు నావికులకు అభయశాసనం ఇచ్చింది కృష్ణకు దక్షిణాన ఉన్న మోటుపల్లిలో. ఊళ్ళోని శివుడు మాత్రం నేటికీ జలధీశ్వరుడే, బాలపార్వతితో ఒకే పీఠం మీద పూజలందుకుంటున్నాడు.

1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తవడంతో ఈ నేలకు కాలువ నీరు అందింది. అయితే ఆ ప్రగతి పాత కట్టడాలకు చేటు తెచ్చింది: నదికి ఆవలి ఒడ్డున భట్టిప్రోలు స్తూపపు పాలరాళ్ళను వెల్లటూరు వద్ద కాలువ లాకుకు వాడేశారు. ఘంటసాల శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియం దాకా వెళ్ళగా, మరికొన్ని ఊళ్ళోనే పురావస్తు శాఖ ప్రదర్శనశాలలో ఉన్నాయి. పాయలను పూడ్చిన ఒండ్రులోనే నేడు సార్వా వరి పండుతుంది. కోతకు ముందు నిలువు పైరులో చల్లిన మినుము, మాగాణిలో మిగిలిన తడితోనే కాపుకు వస్తుంది. ఆ మినుము రకాల మీద పరిశోధన చేసే వ్యవసాయ కేంద్రం కూడా ఘంటసాలలోనే ఉంది.