చైను చప్పుడు ముందు ఇనుర్రి

మంట దగ్గర్కి జరుగుర్రి పోరలారా, చలి బాగున్నది. మీరు ఫోన్లల్ల జూసి మురిసే పోర్షే 911 ఉన్నది గదా, దాని ముచ్చట చెప్త.

నేను దుబాయ్ గ్యారేజీల పని చేసినప్పుడు అవి మా దగ్గర్కి వస్తుండె. ముంగట బానెట్ లేపితె ఇంజిన్ కనవడది, ఎనుక ఉంటది. అటు మూడు, ఇటు మూడు, ఆరు సిలిండర్లు అడ్డంగ పండుకోని ఉంటయి. అప్పటి బండ్లకు రేడియేటర్ లేదు, గాలితోనే సల్లవడాలె. రెండు దిక్కుల రెండు క్యామ్‌షాఫ్టులు, ఒక్కోదానికి ఒక్కో చైను. చైను సడలకుండ నొక్కిపట్టేదే టెన్షనర్.

కీడంత దాంట్లనే ఉండె. 1983 దాక వచ్చిన మోడళ్లల్ల టెన్షనర్‌కు ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ అందది. లోపలొక స్ప్రింగు, దానికంటూ కొంచెం సొంత ఆయిల్, అంతే. సీలు అరిగి ఆ ఆయిల్ కారితె టెన్షనర్ మెత్తవడి లోపలికి దిగుతది, చైను సడలుతది. సైకిల్ చైను ఊడితె దిగి ఎక్కించుకుంటరు. ఈడ చైను పండ్లు దుంకితె వాల్వులు పోయి పిస్టన్లకు గుద్దుకుంటయి. ఇంజిన్ ఖతం.

మా ఉస్తాద్ పెషావర్ ఆయన. బండి రాంగనే పానా పట్టనియ్యకపోతుండె. "పహ్లే సునో", ముందు ఇనుర్రి అంటుండె. ఇంజిన్ అంతట టిక్కుటిక్కుమంటె వాల్వుల సందు చూడాలె. వదులు రేకు కొట్టుకున్న చప్పుడైతె కింద హీట్ ఎక్స్‌ఛేంజర్ చూడాలె. ఒక్క దిక్కుకెల్లే గరగరమంటె చైను మీద అనుమానం. అప్పుడు పొడుగు స్క్రూడ్రైవర్ మొన చైను కవర్ మీద ఆనిచ్చి, పిడి చెవికి పెట్టాలె. కుడి ఎడమలు రెండూ ఇంటె ఏ దిక్కుది సెడిందో తెలుస్తది. అంగీ చేతులు మాత్రం ఫ్యాన్ బెల్టుకు దూరం!

ఆ తర్వాత ఇంజిన్ బందువెట్టి కవర్ ఇప్పుతుంటిమి. టెన్షనర్ మీద ఆనే చక్రాన్ని చెయ్యితోని నొక్కితె గట్టిగ ఎదురు రావాలె. మెత్తగ దిగిందంటె దాని పని అయిపోయినట్టే. చైను జారే ప్లాస్టిక్ పట్టీలు పలిగినయా అని గూడ అప్పుడే చూసుకోవాలె.

1984 మోడల్ కరేరా 3.2 నుంచి ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేసే టెన్షనర్ వచ్చింది. అది పొద్దుగాల స్టార్ట్ చెయ్యంగనే రెండు మూడు సెకన్లు గరగరమని ఊకుంటె భయం లేదు, ఆయిల్ ఎక్కేదాక అంతే. ఊకోకుంటెనే చూడాలె. పాత ఇంజిన్లకు గూడ కవర్లు మార్చి, ఆయిల్ పైపులు గుంజి దాన్ని బిగించొచ్చు. అంత ఖర్చు పెట్టలేనోళ్లు పాత టెన్షనర్‌కే ఒక ఇనుప కాలర్ ఏపిచ్చుకుంటుండిరి. అది టెన్షనర్‌ను పూర్తిగ దిగనియ్యది గని, సెడినదాన్ని బాగు మాత్రం చెయ్యది.

రేపు మీల ఎవ్వరన్న పాత 911 కొనవోతె రంగు జూడకుర్రి. టెన్షనర్ పాతదా, ఆయిల్ ప్రెషర్‌దా అని ముందు అడుగుర్రి. గరగర ఆగకుంట ఇనవడితె మల్లమల్ల సెల్ఫు కొట్టి చూడకుర్రి. బండి ఆడనే ఆపి కవర్ ఇప్పిపిచ్చుర్రి. టెన్షనర్ ఖర్చు ఎంతైనా ఇంజిన్ ఖర్చుకంటె తక్కువే.